నీళ్ల కింది పేరు

“అన్నా, నీళ్లల్ల ఫోటో తీయనీకి వస్తదా?”

రాజేశం పటం వెనక మేకులు కొడుతున్నాడు. తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“ఎందుకు రాదు? నువ్వు నీళ్లల్ల నిలబడు, నేను ఒడ్డు మీద నిలబడి తీస్త.”

“పైన గాదన్నా. నీళ్ల కింద.”

అప్పుడు తల ఎత్తాడు. గడప అవతల ఒకమ్మాయి నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఘనపూర్ మీద ముసురు పట్టింది. ఆమె కొంగు చివర నుంచి స్టూడియో మెట్టు మీద చుక్కలు పడుతున్నాయి. లోపలికి వస్తే నేల తడుస్తుందని అక్కడే ఆగిపోయినట్టుంది.

“నీళ్ల కింద ఏమున్నది? చేపల పెండ్లి గిట్ల అయితున్నదా? ఆల్బమ్ గూడ కావాల్నా?”

ఆమె నవ్వలేదు. కోపగించుకోనూ లేదు.

“మా అవ్వ ఉన్నది,” అంది.

రాజేశం చేతిలో సుత్తె ఆగిపోయింది. గిరాకీలు కూర్చునే స్టూలును ముందుకు జరిపాడు. ఆమె వచ్చి కూర్చుంది. వెనక పరదా మీద నీలం రంగు సరస్సు, రెండు హంసలు. వాటి ముందు తడిసిన చీరతో, తడిసిన జడతో ఆమె కూర్చుని ఉంటే ఫోటో తీయాలనిపించింది రాజేశానికి. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది.

ఆమె పేరు కస్తూరి. ఊరు మద్దిపాయ. అంగడి రోజుల్లో కుట్టుమిషన్ నేర్చుకోవడానికి ఘనపూర్ వస్తుంది. తండ్రి యాకయ్య రాళ్లు కొట్టే మనిషి. తెలంగాణ కావాలని బడులన్నీ బంద్ పెట్టిన ఏడు, అరవై తొమ్మిదిలో, తల్లి మార్తమ్మ జ్వరంతో పోయింది.

“బడి లేకుండె గదా, నేను ఇంట్లనే ఉన్న. బాపుకు సదువు రాదు. రాయి మీద నేను సుద్దముక్కతోని అవ్వ పేరు రాసిన. నేను రాసినట్టే బాపు ఉలితోని చెక్కిండు.”

తర్వాత కొన్నేళ్లకు ఊరి చెరువు కట్ట ఎత్తు పెంచారు. క్రైస్తవుల సమాధుల దొడ్డి నీళ్లలో మునిగింది. మునిగేముందు కొందరు తమ వాళ్ల రాళ్లను ఎడ్లబండ్ల మీద తెచ్చుకున్నారు. యాకయ్య ఒప్పుకోలేదు. రాయి తీసేస్తే ఆమె ఎక్కడుందో ఎట్లా తెలుస్తుందన్నాడు. రాయి అక్కడే ఉండిపోయింది. తూము దగ్గర లోతు కాబట్టి ఎండాకాలం కూడా అది బయటపడదు.

“ఇన్నేండ్లు ఊకున్నరు. ఇప్పుడు ఫోటో ఎందుకు?”

“బాపు కండ్లు పోతున్నయి. కంటి నరం ఎండిపోతున్నదట. వరంగల్ దవాఖానల చూపెట్టినం. మందు లేదన్నరు. ఎండాకాలం దాక ఉంటయో ఉండయో.” ఆమె తన వేళ్ల వైపు చూసుకుంటూ చెప్పింది. “అవ్వది ఒక్క ఫోటో గూడ లేదు. గా రాయే. కండ్లు పోయేలోపల ఒక్కసారి దాన్ని చూస్త అంటున్నడు.”

రాజేశం గోడ మీదికి చూశాడు. అక్కడ అతని తండ్రి రాజలింగం పటం ఉంది. స్టూడియో పెట్టింది ఆయనే. ఆయన వదిలిపోయిన రెండు కండ్ల కెమెరా కింద అల్మారాలో ఉంది. నీళ్లు తగిలితే ఆ కెమెరా ఇక పనికిరాదు.

“వానలు ఆగి నీళ్లు తేటపడాలె,” అన్నాడు. “అప్పటిదాక నేను ఒక డబ్బా చేస్త. అయితదో కాదో తెల్వదు.”

“సరే అన్నా.”

ఆ చివరి ‘అన్నా’ రాజేశానికి ఎందుకో నచ్చలేదు.

*

పెద్ద బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. రాజేశం అతుకుల దగ్గర టంకం పెట్టించాడు. కెమెరా మీట ఉన్నచోట వేలు పట్టేంత రంధ్రం చేసి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క అతికించాడు. పైనుంచి రబ్బరు నొక్కితే లోపల మీట పడుతుంది. మూతకూ ట్యూబు రబ్బరే. మిగిలింది కిటికీ. కెమెరా కంటికి ఎదురుగా డబ్బాకు గుండ్రటి కంత కోసి, పటాల అద్దం ముక్క ఒకటి లోపలి నుంచి పెట్టి, చుట్టూ లప్పం దట్టించాడు. సుద్దపొడి, అవిసె నూనె కలిపి నూరిన లప్పం. పటాలు కట్టే చేతులకు అద్దం పని ఒక లెక్కా అనుకున్నాడు.

“కెమెరా పెట్టకుండ ఒట్టి డబ్బ ముంచి చూద్దాం,” అంది కస్తూరి మరుసటి అంగడి రోజు. “లోపల తెల్ల కాయితం పెట్టి జర పసుపు చల్లు. చుక్క పడ్డా తెలుస్తది.”

ఫోటోలు కడిగే గోలెంలో ముంచారు. పైకి తీస్తే పసుపు పొడిపొడిగా ఉంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆమె నవ్వడం అతను మొదటిసారి చూశాడు. ఆమె అది గమనించి మూత పెట్టేసింది, డబ్బాకూ నవ్వుకూ.

వానలు వెనకపట్టాక మద్దిపాయ చెరువుకు పోయారు. యాకయ్య గొంగడి కప్పుకుని కట్ట మీద కూర్చున్నాడు. చెరువు ఆయనకు తెల్లటి మబ్బులాగే కనిపిస్తుంది. అయినా వేలు చూపించి చెప్పాడు.

“తూము గూడు ఎనకకు పెట్టుకో బిడ్డా. గుట్ట మీది జంట తాళ్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఒక్కటే తాడిచెట్టు లెక్క కనబడాలె. గాడ ఆగు.”

చేపలోళ్ల తెప్ప అడిగి తెచ్చుకున్నారు. గడకర్ర కస్తూరి పట్టింది. రాజేశం మధ్యలో కూర్చుని రెండు చేతులా వెదురు బొంగును పట్టుకున్నాడు.

“ఈత రాదా?” అంది.

“నేను జనగామల పని నేర్చుకున్న. గాడ నల్లాలకే నీళ్లు రావు, ఈత ఏడ నేర్చుకోవాలె?”

ఆమె పెదవి కొరుక్కుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. కట్ట మీద యాకయ్య గట్టిగా దగ్గాడు.

“బాపుకు కనబడదు గదా,” అంది ఆమె మెల్లగా. “మాట ఇనబడకుంటె దగ్గుతడు.”

“అయితె ఏమన్న మాట్లాడు.”

“ఏం మాట్లాడాలె?”

“ఏమో. నీళ్లు సల్లగున్నయా?”

“సల్లగనే ఉన్నయి,” అని ఆమె కట్టకు వినిపించేలా అంది. దగ్గు ఆగింది.

డబ్బాకు రాళ్లు కట్టి తాడుతో అడుగుదాకా దించారు. పైకి గుంజి మూత తీస్తే కాయితం మీద పసుపు ముద్దయిపోయింది.

రెండోసారి లప్పం మందంగా దట్టించాడు. మళ్లీ నీళ్లు. మూడోసారి లప్పం మీద తారు కూడా పూశాడు. కిటికీ చుట్టూ నల్లగా మారింది.

“ఎవలకు కాటుక పెట్టినవ్ గిది?” అంది కస్తూరి.

“దిష్టి తగలకుండ.”

దిష్టి తగలలేదు కానీ నీళ్లు తగిలాయి. తెప్పను ఒడ్డుకు చేర్చారు. యాకయ్య కట్ట మీద లేచి నిలబడి, కర్ర కోసం నేలంతా తడుముకున్నాడు. అది ఆయన కాలి పక్కనే ఉంది. పోయినసారి దాన్ని ఆయనే చూసి తీసుకున్నాడు. కస్తూరి వంగి కర్ర చేతికిచ్చింది. రాజేశం తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇంట్లో కూడా పరిస్థితి బాగాలేదు. బస్టాండు దగ్గర ఎవరో చెప్పారు, మీవోడు కిరస్తానపు పిల్లతోని తెప్ప మీద తిరుగుతున్నడని. తల్లి రుక్మిణమ్మ కొడుకుతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టి వెళ్లిపోయేది. బువ్వ చాలా అని కూడా అడిగేది కాదు.

*

ఆ అంగడి రోజు మబ్బు కమ్ముకుని ఉంది. కస్తూరి వచ్చేసరికి రాజేశం బల్ల మీద ఒక పటం ఉంది. రేగొండలో ఎవరో ముసలమ్మ పోయింది. దినాలకు పటం కావాలన్నారు. అద్దం, ఫోటో, అట్ట పెట్టి, పటాన్ని గోడకు ఆనించి మేకుల కోసం లోపలికి వెళ్లాడు.

అద్దం మీద అతని వేలిముద్ర ఒకటి, సరిగ్గా ముసలమ్మ చెంప మీద పడింది. కస్తూరి కొంగుతో తుడవబోయింది. వత్తగానే అద్దం చట్రం లోంచి కదిలి వెనక్కి జారింది. అట్ట, ఫోటో, అద్దం, మూడూ గోడ పక్కకు ఒరిగాయి.

“అయ్యో, పగిలిందా?”

“పగల్లే. మేకులు కొట్టలే గదా ఇంక.” రాజేశం దాన్ని సరిచేసి తనూ వేలితో ముందు నుంచి వత్తి చూపించాడు. “పటంల అద్దం ఎప్పుడూ ఎనక నుంచి పెడుతరు. ముందల నుంచి నూకితె ఎనకకే పో...”

మాట మధ్యలో ఆపాడు. మళ్లీ వత్తాడు. అద్దం మళ్లీ వెనక్కి జరిగింది.

కస్తూరి బల్ల కింద ఉన్న, తారు పూసిన బిస్కెట్ల డబ్బాను చూసింది. అతనూ అదే చూశాడు.

“నేను డబ్బకు పటం గట్టిన,” అన్నాడు నెమ్మదిగా.

“అద్దం లోపల నుంచి పెట్టినవ్.”

“నీళ్లేమో బయట ఉన్నయి. ఇట్ల నూకుతున్నయి.” వేలు చూపించాడు. “లప్పం ఎంత పెట్టినా ఊడగొట్టి నూకుతనే ఉంటయి. లోతుకు పోయినకొద్ది ఇంకింత.”

“మరి అద్దం బయట పెడితె?”

“గా నూకుడే అద్దాన్ని డబ్బకు ఒత్తి పట్టుకుంటది. ఎంత లోతుకు పోతె అంత గట్టిగ.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరు ముందు చూపు తిప్పుకున్నారో ఇద్దరికీ తెలియదు.

కుట్టుపని కత్తెరతో ట్యూబు రబ్బరును వలయంగా కోసింది కస్తూరి. అంచు ఎక్కడా వంకర పోలేదు. తారు గీకేసి, కంత కన్నా పెద్ద అద్దం ముక్కను బయటి నుంచి, ఆ రబ్బరు వలయం మీద కూర్చోబెట్టాడు రాజేశం. నాలుగు దిక్కులా రేకు పట్టీలు వంచి జారకుండా ఆపాడు. లప్పం అంచుకు రవ్వంత రాశాడు, అంతే.

“గింతేనా?” అంది.

“గింతే. మిగిలింది నీళ్లు జూసుకుంటయి.”

“చూద్దాం రాజేశం.”

అతని చేతిలో పట్టకారు ఆగింది. ‘అన్నా’ లేదు. ఆమెకు తెలిసి వదిలేసిందా, మరిచిపోయిందా? అడిగితే మళ్లీ చేరుస్తుందేమోనని అడగలేదు.

*

ఆ వారం డబ్బాను చెరువు అడుగుదాకా దించి తీశారు. పసుపు పొడిగా ఉంది. రాజేశం దాన్ని వేలికి అద్దుకుని చూసుకున్నాడు. నుదుట పెట్టుకోబోయి కస్తూరిని చూసి ఆగాడు.

“పెట్టుకో. నాకేం,” అంది ఆమె.

మొదటి రోజు ఫోటో తీయలేదు. కస్తూరి నడుముకు తాడు కట్టుకుని, కొబ్బరిపీచు పట్టుకుని మునిగింది. రాయి నిండా పాచి ఉందని చెప్పింది. మునుగుతూ, తేలుతూ, మళ్లీ మునుగుతూ ఆ రాయిని తోమింది. చివరిసారి పైకి వచ్చినప్పుడు ఆమె కండ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్ల వల్లే అనుకున్నాడు.

“చిన్నప్పుడు అవ్వ నాకు గిట్లనే వీపు తోమేది,” అంది తెప్ప అంచు పట్టుకుని. “నొస్తది అంటె ఇనకపోయేది.”

రాజేశం చెయ్యి అందించి ఆమెను తెప్ప మీదికి లాగాడు.

లేచిన ఒండ్రు దిగడానికి ఒక రాత్రి ఆగారు. మరునాడు ఎండ నడినెత్తికి వచ్చాక తండ్రి కెమెరాను డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

“మూడడుగుల దూరం నుంచి తియ్యి. రబ్బరు మెల్లగ నొక్కు. ఒక్కసారి మునిగితె ఒక్కటే ఫోటో. అయినంక రెండుసార్లు తాడు గుంజు, నేను పైకి లాగుత.”

ఆమె మునిగింది. నీటి మీద వలయాలు పెద్దవై ఆగిపోయాయి. గుట్ట, తాడిచెట్లు, చెరువు అన్నీ కదలకుండా ఉన్నాయి. తాడు కూడా కదలలేదు. రాజేశం తాడు వైపే చూశాడు. ఇంకా కదలలేదు.

“కస్తూరీ!”

ఆ కేకకు కట్ట మీద కొంగలు లేచాయి. బలమంతా పెట్టి తాడు లాగేశాడు. ఆమె దగ్గుతూ పైకి వచ్చింది.

“ఎందుకు గుంజినవ్? ఇంక నొక్కలే! అప్పుడే సర్దుకుంటున్న.”

“నువ్వు... తాడు కదలలే.”

“ఫోటో దియ్యాల్నంటె కదలొద్దని నువ్వే గద అంటవ్. స్టూడియోల అందరికి అదే చెప్తవ్ గదా, కదలకున్రి, నవ్వున్రి అని.”

“నవ్వినవా మరి?”

“గక్కడనా?” అంది. తర్వాత అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. “గంత భయమైతె కండ్లు మూసుకో. తాడు మాత్రం ఇడ్వకు.”

కండ్లు మూసుకున్నాడు. తాడు వదల్లేదు. ఆమె మునిగింది, రెండుసార్లు గుంజింది, లాగాడు. డబ్బా తుడిచి తెరిచి రీలు తిప్పి మళ్లీ మూసి ఇచ్చాడు. పొద్దు వాలేదాకా అదే పని. అరచేతుల్లో తాడు కోసిన చోట నెత్తురు ఊరింది. ఆమె చూడకుండా చేతులు నీళ్లలో పెట్టుకున్నాడు. ఆమె చూసింది.

*

రీలు కడిగితే చాలావరకు బూడిద రంగే. ఒండ్రు, నీడలు. ఒక్కదాంట్లో మాత్రం రాయి ఉంది. మీద పేరు ఉంది.

చిన్న ప్రింటు వేసి మద్దిపాయ తీసుకుపోయాడు. యాకయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండలోకి నడిచాడు. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, తల వంచి పక్క నుంచి చూశాడు. ఆఖరికి జాగ్రత్తగా కూతురికి ఇచ్చేశాడు.

“మంచిగున్నది బిడ్డా,” అన్నాడు.

ఆయనకు కనపడలేదని ఇద్దరికీ అర్థమైంది. కస్తూరి ఫోటోను కొంగులో చుట్టి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

రాజేశం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. ముసలాయన కర్రను తడుముకునేవాడు కానీ, కంటికి జానెడు దూరంలో ఉన్నదాన్ని ఇంకా గుర్తుపట్టేవాడు. తెప్ప బొంగు మీదికి వంగి దాని మందం ఎంతో చెప్పేవాడు. సన్నటి గీతలు కనపడవేమో కానీ, బొంగంత లావు గీతలైతే కనపడతాయి.

స్టూడియో మూసేశాడు. ఎర్రబల్బు కింద, ఫోటోలోని రాయిని ముక్కలుగా విడదీశాడు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కాయితాలు తీసి, ఒక్కో కాయితం మీద ఒక్కో అక్షరమే పడేలా ఎన్‌లార్జర్‌ను ఎంత ఎత్తుకు పోతే అంత ఎత్తుకు లేపాడు. నలుపు నల్లగా, తెలుపు తెల్లగా వచ్చేదాకా వేశాడు. తీగ మీద ఆరేశాడు.

రుక్మిణమ్మ టిఫిన్ తెచ్చింది. తీగ మీద ఉన్న అక్షరాలను నిలబడి చదివింది.

“మార్తమ్మ అంటె ఎవరు?”

చాలా రోజుల తర్వాత ఆమె అడిగిన మొదటి మాట అది.

“కస్తూరి వాళ్ల అవ్వ.”

భర్త పటం మీద దుమ్ము తుడిచి వెళ్లిపోయింది. టిఫిన్ తెరిస్తే జొన్నరొట్టెలు రోజుకన్నా రెండు ఎక్కువ ఉన్నాయి.

*

మద్దిపాయలో యాకయ్య ఇంటి గోడకు ఆ కాయితాలన్నీ వరసగా మేకులు కొట్టాడు రాజేశం. తలుపు బార్లా తీశాడు. ఎండ నేరుగా గోడ మీద పడింది.

యాకయ్య మొదటి కాయితం ముందు నిలబడ్డాడు. ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లాడు.

“గీ ఒంపు కాడ ఉలి జారింది,” అన్నాడు. “గా పెచ్చు ఊడింది ఇప్పటికి కనబడుతున్నది.”

కస్తూరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన గోడ వెంబడి జరిగాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, అప్పుడు చెక్కినట్టే వేలితో దాని గీత వెంట పోయాడు. చదువు రాదు. కానీ ఏ గీత తర్వాత ఏ గీతో చేతికి తెలుసు. పేరు అయిపోయింది. ఇంకొక కాయితం మిగిలింది. దాని మీద ఏమీ లేదు, ఒట్టి రాయి.

“గిది ఖాళీగున్నదేంది?”

“పేరు పక్కన గంత జాగ వదిలిపెట్టి ఉన్నది మామా. అది గూడ రాయే గదా అని పెట్టిన.”

యాకయ్య గోడ వైపే తిరిగి ఉన్నాడు.

“గది నాకోసం పెట్టుకున్న జాగ,” అన్నాడు. కాసేపాగి, “నువ్వు ఏమన్నవ్?” అన్నాడు.

“జాగ వదిలిపెట్టి...”

“గది గాదు. మామ అన్నవ్.”

రాజేశం చెవులు ఎర్రబడ్డాయి. కస్తూరి నేలకేసి చూసింది.

“నీకు ఈత రాదట,” అన్నాడు యాకయ్య.

“రాదు.”

“నా బిడ్డ నీళ్లల్లకు పోతె తాడు నీ చేతులల్ల ఉండె. నాకు కనబడలే. నువ్వు ఒర్లిన ఒర్లుడు మాత్రం ఇనబడ్డది. మద్దిపాయ మొత్తం ఇన్నది.” ఆయన గొంతులో చిన్న నవ్వు వచ్చి పోయింది. “మీ ఇంట్ల ఏమంటున్నరు?”

“మా అవ్వ ఇంక సరిగ మాట్లాడుతలేదు. రొట్టెలు మాత్రం రెండు ఎక్కువ పంపుతున్నది.”

“నూకుతరు బిడ్డా. మీవోల్లు ఒక దిక్కు, మావోల్లు ఒక దిక్కు.”

“నూకనియ్యి బాపు,” అంది కస్తూరి. “బయట నుంచే గదా.”

యాకయ్య తల ఊపాడు. ఖాళీ కాయితం మీద అరచెయ్యి ఆనించాడు.

“సుద్దముక్క ఉన్నదా బిడ్డా?”

“ఎందుకు?”

“గీడ నా పేరు రాయి.”

“బతికుండంగ ఎవలన్న పేరు రాస్తరా బాపు? నేను రాయ.”

“కండ్లుండంగ చూసుకుంట. రాయి.”

ఆమె సుద్దముక్క తెచ్చింది. బడులు బందయిన ఆ ఏడు రాసినట్టే, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో యాకయ్య అని రాసింది. రాజేశం ఆ కాయితం అంచు కదలకుండా పట్టుకున్నాడు. రాయడం అయిపోయినా ఆమె చెయ్యి అక్కడే, అతని చేతి పక్కనే ఆగింది. తాడు కోసిన గీత మీద ఆమె వేళ్లు మెల్లగా వాలాయి. సుద్దపొడి అంటుకుంది.

యాకయ్య మళ్లీ మొదటి కాయితం దగ్గరికి వెళ్లి, ముఖం గోడకు ఆనించి, భార్య పేరు నుంచి తన పేరు దాకా నెమ్మదిగా జరుగుతున్నాడు. ఆయన వెనక ఆ ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. చాలాసేపు అట్లాగే ఉన్నారు.

ఈసారి ఆయన దగ్గలేదు.